ల్యాప్‌టాప్‌కి మానిటర్ తగిలించాలంటే ఏ కేబుల్ కొనాలి? పోర్టు చూడటం నుంచి సెట్టింగ్స్ దాకా

"మానిటర్ కొన్నాను, ఏ కేబుల్ తీసుకోమంటారు?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. ల్యాప్‌టాప్ పోర్టు, మధ్యలో కేబుల్, మానిటర్ పోర్టు... ఈ మూడింటిలో ఏది తక్కువ సత్తా ఉన్నదైతే తెర మీద మీకు దక్కేది అంతే. మిగతా రెండూ ఎంత ఖరీదైనవైనా లాభం లేదు.

అందుకే కేబుల్ కొనడం ఈ పనిలో చివరి మెట్టు. ముందు చేయాల్సినవి వరుసగా చెబుతాను. బెంగళూరులో ఉంటున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి కంప్యూటర్ సామాన్ల షాపులకి పేరున్న ఎస్.పి. రోడ్డు కూడా మధ్యలో వస్తుంది.

1. బయల్దేరే ముందు ఇంట్లోనే రాసుకోవాల్సినవి

☐ ల్యాప్‌టాప్ పూర్తి మోడల్ నంబరు. అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. 'థింక్‌ప్యాడ్', 'ఇన్‌స్పిరాన్' అని పేరు ఒక్కటే తెలిస్తే చాలదు. ఒకే పేరుతో రకరకాల మోడళ్ళు వస్తాయి, పోర్టులు మారిపోతాయి.

☐ మానిటర్ మోడల్ నంబరు. వెనక వైపు చూడండి.

☐ మానిటర్ రిజల్యూషన్ (తెర మీద ఎన్ని చుక్కలు, అంటే పిక్సెల్స్), హెర్ట్జ్ (సెకనుకి ఎన్నిసార్లు తెర మారుతుంది). ఉదాహరణకి 1920×1080, 75 హెర్ట్జ్.

☐ ల్యాప్‌టాప్ పెట్టే చోటు నుంచి మానిటర్ వెనక పోర్టు దాకా దూరం. కేబుల్ బల్ల వెనక నుంచి తిరిగి వచ్చే దారిని టేపుతో కొలవండి.

☐ అదే కేబుల్‌తో ఛార్జింగ్ కూడా కావాలా?

☐ ల్యాప్‌టాప్ సొంతదా, ఆఫీసుదా?

రెండింటి పోర్టులకీ ఫోన్‌తో దగ్గరి నుంచి ఫోటోలు తీసి పెట్టుకోండి. షాపులో నోటితో వర్ణించడం కంటే ఫోటో చూపిస్తే పని తొందరగా అవుతుంది.

మోడల్ నంబరు దొరికాక తయారీ కంపెనీ సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్స్ తెరిచి, 'పోర్ట్స్' అన్న భాగం చదవండి. అమ్మకాల యాప్‌లో రాసిన వివరాలని నమ్మకండి, అక్కడ తప్పులు ఎక్కువ.

2. ల్యాప్‌టాప్ పోర్టుల్ని గుర్తు పట్టడం

హెచ్‌డీఎంఐ అందరికీ తెలిసిందే. కింది రెండు మూలలూ లోపలికి వంగి ఉంటాయి. డిస్‌ప్లే పోర్టుకి ఒక్క మూల మాత్రమే కోసినట్టుంటుంది. పాత ల్యాప్‌టాప్‌లలో మినీ డిస్‌ప్లే పోర్టు, కొన్ని చిన్న వాటిలో మైక్రో హెచ్‌డీఎంఐ కనిపిస్తాయి. 15 రంధ్రాలతో, చాలాసార్లు నీలం రంగులో ఉండేది వీజీఏ.

హెచ్‌డీఎంఐలో ఏ వెర్షనో పోర్టు మీద రాసి ఉండదు. ఆఫీసు పనికి కొనే మామూలు ల్యాప్‌టాప్‌లలో ఇప్పటికీ 1.4 వెర్షన్ ఉన్నవి చాలా ఉన్నాయి. ఇది ఎందుకు ముఖ్యమో నాలుగో మెట్టులో తెలుస్తుంది.

అసలు తికమక టైప్-సీ దగ్గర. ఆకారం ఒకటే, లోపలి పని వేర్వేరు. కొన్ని టైప్-సీ పోర్టులు ఫైళ్ళు మాత్రమే పంపుతాయి. కొన్ని ఛార్జింగ్ కూడా తీసుకుంటాయి. కొన్నే తెర మీది బొమ్మని బయటికి పంపుతాయి. బొమ్మ పంపే ఈ సదుపాయాన్ని 'డిస్‌ప్లే పోర్ట్ ఆల్ట్ మోడ్' అంటారు. మీ పోర్టుకి అది ఉందో లేదో ఇలా చూడండి.

☐ పక్కన మెరుపు గుర్తు ఒక్కటే ఉంటే అది థండర్‌బోల్ట్, అంటే టైప్-సీ ఆకారంలోనే ఉండే వేగమైన పోర్టు. థండర్‌బోల్ట్ 3, 4 పోర్టులన్నీ బొమ్మ పంపుతాయి.

☐ ఇంగ్లీషు డీ, పీ అక్షరాలు ఒకదాన్ని ఒకటి పట్టుకున్నట్టుండే గుర్తు ఉంటే బొమ్మ వస్తుంది.

☐ 'ఎస్ఎస్' అని మాత్రమే ఉంటే అనుమానించాలి. అది డేటా వేగానికి గుర్తు.

☐ బ్యాటరీ బొమ్మ, ప్లగ్గు బొమ్మ ఉంటే అవి ఛార్జింగ్‌కి సంబంధించినవి. బ్యాటరీ బొమ్మలో ఉండే చిన్న మెరుపుని చూసి థండర్‌బోల్ట్ అనుకోకండి.

☐ ఏ గుర్తూ లేకపోతే బొమ్మ రాదని కూడా తేల్చలేం. చాలా కంపెనీలు గుర్తులు వేయడం మానేశాయి. స్పెసిఫికేషన్స్ చదవడమే దారి.

రెండు టైప్-సీ పోర్టులున్న ల్యాప్‌టాప్‌లో ఒక్క దాన్నుంచే బొమ్మ రావడం మామూలే. ఒకటి పని చేయలేదని రెండోది చూడకుండా కేబుల్‌ని తిట్టేవాళ్ళు చాలామంది.

మామూలు పెద్ద యూఎస్‌బీ పోర్టు నుంచి బొమ్మ నేరుగా రాదు. దానికి 'డిస్‌ప్లే లింక్' చిప్ ఉన్న అడాప్టర్, దాని డ్రైవర్ (అడాప్టర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) కావాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే డ్రైవర్ ఎక్కించడానికి అడ్మిన్ అనుమతి అడుగుతుంది. ముందు ఐటీ వాళ్ళకి టికెట్ పెట్టి, వాళ్ళు సరే అన్నాకే కొనండి.

మ్యాక్‌బుక్ ఉన్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. ఎం1, ఎం2 చిప్‌ల మ్యాక్‌బుక్ ఎయిర్ మామూలుగా ఒక్క బయటి మానిటర్‌నే నడుపుతుంది. ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండు నడుపుతుంది. ఎం4 ఎయిర్‌కి మూత తెరిచి ఉన్నా రెండు కుదురుతాయి. ఎన్ని కేబుళ్ళు కొన్నా ఈ లెక్క మారదు.

3. మానిటర్ వెనక ఏముంది?

ఉద్యోగం మారి ఊరు వదిలి వెళ్ళేవాళ్ళు అమ్మే మానిటర్లు, ఆఫీసులు తీసేసిన రిఫర్బిష్డ్ మానిటర్లు బెంగళూరులో బాగా దొరుకుతాయి. వీటిలో హెచ్‌డీఎంఐ లేకుండా వీజీఏ, డీవీఐ, డిస్‌ప్లే పోర్టు మాత్రమే ఉన్నవీ కనిపిస్తాయి. డబ్బు ఇచ్చేముందు వెనక ఫోటో అడగండి.

వీజీఏ మాత్రమే ఉన్న మానిటర్ చవకగా వచ్చినా నేనైతే వద్దంటాను. అది అనలాగ్ సిగ్నల్. 1080పీ (1920×1080) దగ్గర అక్షరాల అంచులు మసకబారతాయి. రోజంతా ఎక్సెల్ చూసేవాళ్ళకి అది కళ్ళకి శిక్ష.

డీవీఐ నయమే. సింగిల్ లింక్ డీవీఐ 1920×1200ని 60 హెర్ట్జ్‌లో చూపిస్తుంది. హెచ్‌డీఎంఐ నుంచి డీవీఐకి మామూలు చవక కేబుల్ సరిపోతుంది. శబ్దం మాత్రం రాదనుకోండి.

మానిటర్ మీద చదరంగా, పైన రెండు మూలలు కోసినట్టుండే యూఎస్‌బీ-బీ పోర్టు కనిపిస్తే అది బొమ్మ కోసం కాదు. మానిటర్‌కున్న యూఎస్‌బీ పోర్టుల్ని ల్యాప్‌టాప్‌కి కలపడానికి. మానిటర్‌కి టైప్-సీ ఉన్నా, అది బొమ్మ తీసుకుంటుందా, ఎన్ని వాట్లు ఛార్జింగ్ ఇస్తుంది అన్నది మాన్యువల్‌లో చూడండి.

ఒకే మానిటర్‌లో హెచ్‌డీఎంఐకి, డిస్‌ప్లే పోర్టుకి వేర్వేరు పరిమితులు ఉండొచ్చు. 144 హెర్ట్జ్ అని అమ్మిన మానిటర్ ఆ వేగాన్ని డిస్‌ప్లే పోర్టులోనే ఇచ్చి, హెచ్‌డీఎంఐలో అంతకంటే తక్కువ దగ్గర ఆగిపోవడం కొత్తేమీ కాదు.

4. మీకెంత అవసరమో లెక్క వేయడం

ఈ లెక్క ఒక్కసారి అర్థమైతే షాపులో ఎవరూ మిమ్మల్ని తిప్పలేరు.

4కే తెర మీద 3840×2160, అంటే సుమారు 83 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కి రంగు చెప్పడానికి 24 బిట్లు. సెకనుకి 60 సార్లు పంపాలి. గుణిస్తే సుమారు 1,194 కోట్ల బిట్లు, అంటే దాదాపు 12 జీబీపీఎస్ (సెకనుకి వంద కోట్ల బిట్లు ఒక జీబీపీఎస్).

హెచ్‌డీఎంఐ 1.4 మొత్తం సామర్థ్యం 10.2 జీబీపీఎస్. అందులో బొమ్మకి మిగిలేది 8 చిల్లర. 60 హెర్ట్జ్‌కి కావాల్సిన 12 పట్టదు, 30 హెర్ట్జ్‌కి కావాల్సిన 6 పడుతుంది. అందుకే ఆ పోర్టులో 4కే 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. 30 హెర్ట్జ్‌లో మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది, స్క్రోల్ చేస్తుంటే చిరాకు పుడుతుంది. ఎంత ఖరీదైన కేబుల్ వేసినా ఆ 30 పెరగదు.

మిగతావి క్లుప్తంగా:

• హెచ్‌డీఎంఐ 1.4: 1080పీ 120 హెర్ట్జ్ దాకా, 4కే 30 హెర్ట్జ్.

• హెచ్‌డీఎంఐ 2.0: 18 జీబీపీఎస్. 4కే 60, 1440పీ (2560×1440) 144 హెర్ట్జ్.

• హెచ్‌డీఎంఐ 2.1: గరిష్ఠంగా 48 జీబీపీఎస్. 4కే 120, ఆపైన. పెట్టె మీద 2.1 అని ఉన్నా అన్ని పరికరాలూ పూర్తి 48 ఇవ్వవు.

• డిస్‌ప్లే పోర్ట్ 1.2: 21.6 జీబీపీఎస్. 4కే 60, 1440పీ 144.

• డిస్‌ప్లే పోర్ట్ 1.4: 32.4 జీబీపీఎస్. 4కే 120.

కోడింగ్, ఎక్సెల్, టీమ్స్ కాల్స్ కోసం 24 అంగుళాల 1080పీ మానిటర్ వాడేవాళ్ళకి ఇవేవీ అడ్డు రావు. డబ్బాలో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు. కొత్తది కొనే పనే లేదు.

5. ఏ జతకి ఏ కేబుల్

*హెచ్‌డీఎంఐ నుంచి హెచ్‌డీఎంఐ.* హెచ్‌డీఎంఐ కేబుళ్ళకి అధికారికంగా వెర్షన్ నంబర్లు ఉండవు, వేగాన్ని బట్టి పేర్లు ఉంటాయి. 1080పీకి 'హై స్పీడ్' చాలు. 4కే 60కి 'ప్రీమియం హై స్పీడ్'. 4కే 120కి 'అల్ట్రా హై స్పీడ్'. చివరి రెండింటి ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్ ఉన్న లేబుల్ అంటించి ఉంటుంది. హెచ్‌డీఎంఐ వాళ్ళ సర్టిఫికేషన్ యాప్‌తో దాన్ని స్కాన్ చేసి చూసుకోవచ్చు. '2.1, 8కే' అని పెద్దక్షరాలతో ఉండి ఆ లేబుల్ లేకపోతే, అది ప్యాకెట్ చేసినవాళ్ళ మాట మాత్రమే. బంగారు పూత తుప్పు పట్టకుండా ఉండటానికి పనికొస్తుంది, బొమ్మ మెరుగవ్వదు.

*డిస్‌ప్లే పోర్ట్ నుంచి డిస్‌ప్లే పోర్ట్.* ఎక్కువ హెర్ట్జ్ మానిటర్లకి రెండు వైపులా ఈ పోర్టు ఉంటే నా ఓటు దీనికే. 'డీపీ8కే' సర్టిఫికెట్ ఉన్న కేబుల్ 1.4 పూర్తి వేగాన్ని మోస్తుంది. మరీ చవక కేబుళ్ళలో ఒక చిక్కుంది. 20వ పిన్నుని రెండు వైపులా కలిపేస్తారు. అది విద్యుత్తు పిన్ను, కేబుల్‌లో కలపకూడదు. కలిపితే మానిటర్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి కరెంటు ఎదురు పారి, ఆన్ చేసేటప్పుడు వింత సమస్యలు వస్తాయి.

*టైప్-సీ నుంచి టైప్-సీ.* మానిటర్‌కి టైప్-సీ ఉంటే ఇదే సుఖం. ఒక్క కేబుల్‌తో బొమ్మ, ఛార్జింగ్, కీబోర్డు, మౌస్ అన్నీ వస్తాయి. కానీ ఫోన్‌తో వచ్చిన ఛార్జింగ్ కేబుల్ ఇక్కడ పనికిరాదు. వాటిలో చాలావరకు 480 ఎంబీపీఎస్ యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి, బొమ్మ మోసే తీగలు ఉండవు. '100 వాట్' అని రాసి ఉన్నది కూడా ఛార్జింగ్ కేబులే అయి ఉండొచ్చు. వాట్లు కరెంటు గురించి, జీబీపీఎస్ డేటా గురించి. రెండూ చూడాలి. ఆలోచించే ఓపిక లేకపోతే '40 జీబీపీఎస్' లేదా థండర్‌బోల్ట్ 4 అని ఉన్నది తీసుకోండి. ఖరీదెక్కువే, కానీ బొమ్మ వస్తుందా రాదా అన్న టెన్షన్ ఉండదు.

ఛార్జింగ్ వాట్లు కూడా సరిపోవాలి. ల్యాప్‌టాప్‌కి 65 వాట్లు కావాల్సి ఉండి మానిటర్ 45 ఇస్తుంటే, గట్టిగా పని చేస్తున్నప్పుడు బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లకి ఎలాగూ సొంత ఛార్జర్ పెట్టుకోవాల్సిందే.

*టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లే పోర్ట్.* మానిటర్‌కి రెండూ ఉంటే డిస్‌ప్లే పోర్ట్ వైపు వెళ్ళండి. టైప్-సీలోంచి బయటికొచ్చేది డిస్‌ప్లే పోర్ట్ సిగ్నలే కాబట్టి మధ్యలో మార్చే పని ఉండదు. హెచ్‌డీఎంఐ తీసుకోక తప్పకపోతే '4కే' అన్న మాట దగ్గర ఆగకండి. పక్కన 60 హెర్ట్జ్ అని ఉందా చూడండి. చవక రకాలు, చవక హబ్‌లు (ఒక్క టైప్-సీకి తగిలించి చాలా పోర్టులు తెచ్చుకునే డబ్బాలు) 4కే 30 దగ్గరే ఆగుతాయి, ఆ 30 మాత్రం చిన్నక్షరాల్లో ఉంటుంది.

6. అడాప్టర్ కొనేటప్పుడు దిశ చూడండి

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఈ కేబుళ్ళలో చాలావరకు ఒకే వైపు పని చేస్తాయి.

• డిస్‌ప్లే పోర్ట్ ఉన్న ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ మానిటర్‌కి: సులువు, చవక.

• హెచ్‌డీఎంఐ ల్యాప్‌టాప్ నుంచి డిస్‌ప్లే పోర్ట్ మానిటర్‌కి: పై కేబుల్‌ని తిప్పి పెడితే రాదు. యాక్టివ్ కన్వర్టర్, అంటే సిగ్నల్‌ని మార్చే చిప్ లోపల ఉన్నది కావాలి. దానికి కరెంటు కోసం సాధారణంగా ఒక యూఎస్‌బీ తోక ఉంటుంది.

• హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి, వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి: రెండు వేర్వేరు వస్తువులు.

• హెచ్‌డీఎంఐ ల్యాప్‌టాప్ నుంచి టైప్-సీ మానిటర్‌కి: మామూలుగా అమ్మే టైప్-సీ హెచ్‌డీఎంఐ కేబుల్ తిప్పి పెడితే రాదు. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ కూడా ఉంటే దాన్నే వాడుకోండి.

షాపులో "హెచ్‌డీఎంఐ టు డీపీ" అని అడిగితే చేతికందింది ఇచ్చేస్తారు. "ల్యాప్‌టాప్ వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు డీపీ" అని చెప్పండి.

7. పొడవు, ఎస్.పి. రోడ్డు

కొలిచిన దూరానికి అర మీటరు కలిపి ఆగండి. బల్ల మీద వాడకానికి 1.5 లేదా 2 మీటర్లు సరిపోతుంది. 'ఎప్పుడైనా పనికొస్తుంది' అని 5 మీటర్లు కొంటే 4కే దగ్గర సిగ్నల్ బలహీనపడి తెర రెప్పలు కొట్టొచ్చు. 48 జీబీపీఎస్ హెచ్‌డీఎంఐని 3 మీటర్లు దాటించాలంటే మామూలు రాగి కేబుల్‌ని నమ్ముకోలేం. ఆప్టికల్ రకం తీసుకోవాలి. దానికి 'సోర్స్', 'డిస్‌ప్లే' అని చివరలు వేరుగా ఉంటాయి, తిప్పి పెడితే బొమ్మ రాదు. 40 జీబీపీఎస్ టైప్-సీ అయితే మీటరులోపు ఉంటే మంచిది.

ఎస్.పి. రోడ్డుకి బండి మీద వెళ్ళి పార్కింగ్ కోసం తిరగకండి. మెట్రో గ్రీన్ లైన్‌లో చిక్కపేట స్టేషన్ దగ్గర దిగి నడవండి. ఆదివారం చాలా షాపులు తెరవరు. కన్నడ రాకపోతే హిందీతోనో, చాలా చోట్ల తెలుగుతోనో పని జరిగిపోతుంది.

☐ ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్ళండి. షాపులో మానిటర్ ఉంటే అక్కడే పెట్టి చూపించమనండి.

☐ "4కే వస్తుందా?" అని అడగొద్దు, ఎవరైనా వస్తుందనే అంటారు. "4కే 60 హెర్ట్జ్ రాకపోతే మార్చి ఇస్తారా?" అని అడగండి.

☐ బిల్లు తీసుకోండి, దాని మీద మార్చుకునే గడువు రాయించుకోండి.

☐ సంచిలోంచి తీసిచ్చే ప్యాకెట్ లేని కేబుల్ 1080పీకి పర్వాలేదు. 4కేకి వద్దు.

8. తగిలించే వరుస

1. మానిటర్ ఆన్ చేయండి.

2. కేబుల్‌ని ముందు మానిటర్‌కి, తర్వాత ల్యాప్‌టాప్‌కి పూర్తిగా గుచ్చండి. డిస్‌ప్లే పోర్ట్ కేబుల్‌కి కొక్కెం ఉంటే టక్‌మనాలి. తీసేటప్పుడు పైనున్న బొత్తాం నొక్కకుండా లాగితే పోర్టు విరగొచ్చు.

3. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ ఎంచుకోండి. 'ఆటో' మీద వదలకుండా, మీరు గుచ్చిన పోర్టు పేరే పెట్టండి.

4. విండోస్‌లో విండోస్ కీతో పాటు పీ నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకోండి.

5. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. పైన సరైన మానిటర్ ఎంచుకుని రిఫ్రెష్ రేట్ చూడండి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్.

అయిదో పని మర్చిపోకండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని, ఇక్కడ మార్చక నెలల తరబడి 60లోనే వాడేవాళ్ళు ఉన్నారు.

9. తేడా వస్తే

*'నో సిగ్నల్' అంటోంది.* ఇన్‌పుట్ సరిగా ఉందా చూసి, కేబుల్ తీసి మళ్ళీ గుచ్చండి. రాకపోతే మానిటర్ ప్లగ్గు తీసి అర నిమిషం ఆగి పెట్టండి. తర్వాత ల్యాప్‌టాప్ మీద ఇంకో పోర్టు ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే ఇంకో కేబుల్. పక్క గదివాళ్ళని అడిగి తెచ్చినదైనా సరే.

*4కే 30 దాటట్లేదు.* మానిటర్ మెనూలో హెచ్‌డీఎంఐ 1.4/2.0 అనో, డీపీ 1.1/1.2 అనో ఎంపిక ఉందేమో చూసి పెంచండి. టైప్-సీ మానిటర్లలో 'యూఎస్‌బీ వేగం' అన్న సెట్టింగ్ కూడా ఉంటుంది. యూఎస్‌బీ 3 ఎంచుకుంటే సగం తీగలు డేటాకి పోతాయి, కొన్ని ల్యాప్‌టాప్‌లతో 4కే 30కి పడిపోతుంది. దాన్ని 2.0కి మారిస్తే 60 వస్తుంది, మానిటర్‌కి పెట్టిన హార్డ్ డిస్క్ మాత్రం నెమ్మదిస్తుంది.

*తెర మధ్యమధ్యలో నల్లబడుతోంది.* ఒక మెట్టు హెర్ట్జ్ తగ్గించి చూడండి. ఆగిపోతే కేబుల్‌కి ఆ వేగం మోసే ఓపిక లేదన్నట్టే, పొట్టిది కొనండి. మీరు కుర్చీలోంచి లేచినప్పుడే అలా అవుతోందా? నవ్వకండి, ఇది నిజంగా ఉన్న సమస్యే. గ్యాస్ లిఫ్ట్ కుర్చీ నుంచి పుట్టే స్థిర విద్యుత్తు సరైన కవచం లేని కేబుల్‌ని తాకి సిగ్నల్ చెడగొడుతుంది. మంచి కేబుల్ మార్చితే పోతుంది.

*అక్షరాలు మసకగా ఉన్నాయి.* రిజల్యూషన్ మానిటర్ అసలు రిజల్యూషన్‌కి సరిపోలిందా చూడండి. వీజీఏ అయితే మానిటర్ మీద 'ఆటో అడ్జస్ట్' నొక్కండి. హెచ్‌డీఎంఐ అయితే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో రంగు ఫార్మాట్ ఆర్‌జీబీకి మార్చండి.

*నలుపు బూడిద రంగులో కనిపిస్తోంది.* అదే చోట రేంజ్ 'లిమిటెడ్'లో ఉంటే 'ఫుల్' చేయండి.

*శబ్దం రావట్లేదు.* స్పీకర్ గుర్తు నొక్కి ఏ పరికరం ఎంచుకుందో చూడండి. హెచ్‌డీఎంఐ గుచ్చగానే విండోస్ శబ్దాన్ని మానిటర్‌కి మళ్ళించేస్తుంది. మానిటర్‌కి స్పీకర్లే లేకపోతే ఏమీ వినపడదు.

*మ్యాక్‌కి డాక్ పెడితే రెండు మానిటర్లలోనూ ఒకటే బొమ్మ.* ఆ డాక్ (పెద్ద హబ్ లాంటిది) ఒకే కేబుల్‌లో రెండు తెరల బొమ్మ పంపే ఎంఎస్‌టీ అనే పద్ధతిలో పని చేస్తోంది. మ్యాక్ దాంతో రెండు వేర్వేరు తెరల్ని ఇవ్వదు. థండర్‌బోల్ట్ డాక్ గానీ, డిస్‌ప్లే లింక్ డాక్ గానీ తీసుకోవాలి.

*డెస్క్‌టాప్ కనిపిస్తోంది, ఓటీటీ సినిమా పెడితే నల్ల తెర.* అది హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ. వీజీఏ అడాప్టర్లు దాన్ని మోయలేవు, కొన్ని చవక హబ్‌లూ అంతే. మధ్యలోని అడాప్టర్ తీసేసి, నేరుగా హెచ్‌డీఎంఐ నుంచి హెచ్‌డీఎంఐకి కలిపి అదే సినిమా మళ్ళీ పెట్టండి. ఆడితే తప్పు అడాప్టర్‌ది, బిల్లుతో పాటు వెనక్కి ఇచ్చేయండి.